పాయింట్ టూటూ సెమీ ఆటో రైఫిల్: 50 మీటర్ల దగ్గర గురి ఎక్కడ పోతోందో తేల్చుకోవడం ఎలా

పాయింట్ టూటూ (0.22 అంగుళం తూటా) సెమీ ఆటో అంటే, ఒక రౌండు పేలగానే తర్వాతిదాన్ని తనే ఎక్కించుకునే రైఫిల్. దాన్ని బల్ల మీద ఇసుక సంచుల మధ్య పెట్టి కాలిస్తే అయిదు రౌండ్లు 30 మిల్లీమీటర్ల లోపల పడతాయి. అదే రైఫిల్, అదే మందు, అంటే అదే రకం రౌండ్లు, అదే మనిషి. నేల మీద పడుకుని కాలిస్తే 70 అవుతుంది. మోకాలి మీద కూర్చుంటే 150 దాటుతుంది. మొదటి అంకె రైఫిల్‌దీ మందుదీ, ఆపైన పెరిగినది మనది. చాలామంది ఈ రెంటినీ కలిపేసి, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ముందు స్కోపు మారుస్తారు, తర్వాత ట్రిగ్గర్, ఆ తర్వాత బ్యారెల్. ఏ తప్పు ఎంత మింగుతోందో కొలిచాకే దేన్నయినా మార్చాలి. ఆ కొలత ఎలాగో కింద వరసగా ఉంది. బోల్ట్ యాక్షన్ (ప్రతి రౌండునీ చేత్తో ఎక్కించే) రైఫిల్ ఉన్నవాళ్ళకి కూడా సెమీ ఆటో జబ్బుల భాగం తప్ప మిగతాదంతా పనికొస్తుంది.

ముందు హద్దులు

మన దగ్గర సెమీ ఆటో రైఫిల్ సామాన్య లైసెన్సుతో సులువుగా దొరికే వస్తువు కాదు. మీ లైసెన్సులో ఏ ఆయుధం రాసి ఉందో, ఎన్ని రౌండ్లకి అనుమతి ఉందో అదే మీ హద్దు. 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనలు దీనికి ఆధారం. హైదరాబాద్ నగరంలో లైసెన్సు ఇచ్చే అధికారి పోలీస్ కమిషనర్. కాల్చడం అనుమతి ఉన్న రేంజ్‌లోనే. గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న ప్రభుత్వ షూటింగ్ రేంజ్ లాంటి చోట్లకి, లేదా మీ రైఫిల్ క్లబ్బు వాడుకునే రేంజ్‌కి వెళ్ళండి. మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో గోడకి డబ్బా ఆనించి కాలిస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. పాయింట్ టూటూ తూటా చిన్నదే అయినా ఎత్తుగా పోతే కిలోమీటరు పైన ప్రయాణిస్తుంది. పెళ్ళిళ్ళలో గాల్లోకి కాల్చే సరదాకి 2019 సవరణ తర్వాత రెండేళ్ళ దాకా జైలు ఉంది.

రేంజ్‌లో నాలుగు సంగతులు: బ్యారెల్ ఎప్పుడూ దిబ్బ (టార్గెట్ వెనక తూటాలని ఆపే మట్టికట్ట) వైపే ఉండాలి, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉండాలి, కళ్ళజోడు ఉండాలి, చెవులకి మఫ్‌లు ఉండాలి. సెమీ ఆటోలో ఒకటి అదనం. మ్యాగజైన్ తీసేస్తే రైఫిల్ ఖాళీ అయిపోదు, చాంబర్లో (బ్యారెల్ వెనక కొసన రౌండు కూర్చునే చోట) రౌండు అలాగే ఉంటుంది. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత బోల్ట్ (చాంబర్‌ని మూసే భాగం) లాగి చాంబర్లోకి కంటితో చూడాలి. వరస తారుమారైతే, బోల్ట్ లాగి వదిలినప్పుడు కొత్త రౌండు లోపలికి పోతుంది.

కొలత: ఏ అంకెని నమ్మాలి

కోణాన్ని నిమిషాల్లో కొలుస్తారు. ఒక నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు. 100 మీటర్ల దగ్గర అది 29 మి.మీ., 50 దగ్గర 14.5 మి.మీ. మామూలు సెమీ ఆటో పాయింట్ టూటూ మామూలు మందుతో 50 మీటర్ల దగ్గర 25 నుంచి 40 మి.మీ. అయిదు రౌండ్ల గ్రూపు (ఒకే గురికి కాల్చిన రంధ్రాల గుంపు) పెడితే ఆరోగ్యంగా ఉన్నట్టే. అంతర్జాతీయ పోటీల్లో 50 మీటర్ల రైఫిల్ టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మి.మీ. ఆ పోటీలకి వాడేది సింగిల్ లోడ్ బోల్ట్ రైఫిల్, ఖరీదైన మ్యాచ్ మందు. ఒలింపిక్ షూటర్ గగన్ నారంగ్ కాల్చిన రైఫిల్‌తో మీ సెమీ ఆటోని పోల్చుకుని దిగులు పడనక్కర్లేదు.

గ్రూపు కొలిచే పద్ధతి ఇది. అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకి వెర్నియర్ క్యాలిపర్‌తో కొలవండి. అందులోంచి ఒక రంధ్రం వెడల్పు తీసేయండి. తూటా వ్యాసం 5.6 మి.మీ. ఉన్నా కాగితం మీద రంధ్రం కాస్త చిన్నగానే కనపడుతుంది. కాబట్టి ఆ కాగితం మీదే విడిగా ఉన్న ఒక రంధ్రాన్ని కొలిచి ఆ అంకెనే తీసేయాలి. వెర్నియర్ సికింద్రాబాద్ రాణీగంజ్ పనిముట్ల దుకాణాల్లో దొరుకుతుంది. ప్లాస్టిక్‌దైనా చాలు.

అసలు మోసం రౌండ్ల సంఖ్యలో ఉంది. మూడు రౌండ్లతో గ్రూపు పెడితే ఎవరికైనా అప్పుడప్పుడూ 10 మి.మీ. వస్తుంది, దాన్ని ఫోటో తీసి పంపడమూ జరుగుతుంది. లెక్క చూడండి: సగటున అయిదు రౌండ్ల గ్రూపు 30 మి.మీ. పెట్టే రైఫిల్, మూడు రౌండ్లకి సగటున 23 మి.మీ., పది రౌండ్లకి 37 మి.మీ. పెడుతుంది. రైఫిల్ మారలేదు, రౌండ్లు పెరిగేకొద్దీ అంచులు దూరం జరుగుతాయి, అంతే. పైగా మూడు రౌండ్ల గ్రూపు ఒకసారికీ మరోసారికీ మూడో వంతు పైగా అటూ ఇటూ ఊగుతుంది. అందుకని ఈ వ్యాసంలో ప్రతి పరీక్షకీ ఒకటే కొలబద్ద: అయిదు రౌండ్లవి అయిదు గ్రూపులు, వాటి సగటు. అంటే 25 రౌండ్లు, సగం డబ్బా. అంతకన్నా తక్కువతో తేల్చిన తీర్పు నిలవదు.

విడిగా పడ్డ రంధ్రాన్ని తీసేసి కొలవడం అలవాటు చేసుకోవద్దు. ట్రిగ్గర్ తెగిన (లాగుడు పూర్తయి పిన్ను రౌండుని కొట్టిన) క్షణంలోనే, కాగితం చూడకముందే ‘ఇది కుడికి పోయింది’ అని మీరు పైకి చెప్పి ఉంటేనే దాన్ని పక్కన పెట్టే హక్కు మీకుంది. చూశాక చెప్పేది లెక్కలోకి రాదు.

తప్పులు ఎలా కలుస్తాయి

రైఫిల్ తప్పు, మందు తప్పు, మనిషి తప్పు మామూలు కూడికలా కలవవు. ఒక్కోదాన్ని వర్గం చేసి, కూడి, మొత్తానికి వర్గమూలం తీయాలి. రైఫిల్ వంతు 10, మందు వంతు 20, మనిషి వంతు 40 మి.మీ. అనుకోండి. వర్గాలు 100, 400, 1600, మొత్తం 2100, వర్గమూలం దాదాపు 46. ఇప్పుడు బోలెడు ఖర్చు పెట్టి రైఫిల్ తప్పుని సగానికి, అంటే 5కి తగ్గించారు. కొత్త గ్రూపు 45. ఒక్క మిల్లీమీటరు లాభం! అదే మనిషి తప్పుని 40 నుంచి 20కి తెస్తే గ్రూపు 30కి దిగుతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పుని వదిలి చిన్నదాని మీద పెట్టే రూపాయి కాగితం మీద కనపడదు. ఈ మాట అర్థమైతే మిగతా వ్యాసం వివరాలే.

రైఫిల్‌ని సిద్ధం చేయడం

రైఫిల్ ఖాళీ అని కంటితో చూసుకున్నాక స్క్రూలతో మొదలుపెట్టండి. యాక్షన్‌ని (బోల్ట్, చాంబర్ ఉండే భాగాన్ని) స్టాక్‌కి (భుజానికి ఆనే చట్రానికి) పట్టి ఉంచే స్క్రూ వదులైతే గ్రూపు రెండు గుంపులుగా చీలుతుంది. చాలా తేలికపాటి పాయింట్ టూటూలకి ఆ బిగింపు 2 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. తయారీదారు పుస్తకంలో ఉన్న అంకెనే పాటించండి. టార్క్ స్క్రూడ్రైవర్ లేకపోయినా ప్రతిసారీ ఒకే బిగింపు వచ్చేలా స్క్రూ తల మీదా, స్టాక్ మీదా కలిపి పెన్నుతో ఒక గీత గీసుకోండి. స్కోపు మౌంట్లకీ అదే గీత. గీత తప్పితే స్క్రూ కదిలిందని ఇట్టే తెలుస్తుంది.

బ్యారెల్ కొస, అంటే తూటా బయటికొచ్చే అంచు, గోరుతో తడిమి చూడండి. గీత, నొక్కు ఉంటే తూటా వెనక నుంచి గ్యాసు ఒక పక్కన ముందు తప్పించుకుని తూటాని పక్కకి నెడుతుంది. చాలాసార్లు దీనికి కారణం కొస వైపు నుంచి ఇనుప కడ్డీ దూర్చి శుభ్రం చేయడమే. ఎన్నో సెమీ ఆటోల్లో వెనక నుంచి కడ్డీ పోయే దారి ఉండదు. అలాంటివాటికి చాంబర్ వైపు నుంచి దూర్చి కొస వైపుకి లాగే తాడు వాడండి.

బ్యారెల్ లోపల ప్రతిసారీ తోమనక్కర్లేదు. మైనం పూసిన సీసపు తూటా బ్యారెల్‌కి ఒక పూత వేస్తుంది, ఆ పూత కుదురుకున్నాకే గ్రూపు కుదురుతుంది. తోమాక మొదటి 5 నుంచి 10 రౌండ్లు లెక్కలోకి తీసుకోవద్దు. చాంబర్, బోల్ట్ ముఖం మాత్రం ప్రతి రెండు మూడు వందల రౌండ్లకి శుభ్రం చేయాల్సిందే. బోల్ట్‌కి నూనె రెండు చుక్కలు చాలు, కుట్టుమిషన్ నూనె చక్కగా పనిచేస్తుంది. కొబ్బరినూనె వద్దు: 24 డిగ్రీల కిందకి దిగితే గడ్డకడుతుంది, డిసెంబరు ఉదయం బోల్ట్ బద్ధకంగా కదులుతుంది, రౌండు సగం దూరి ఆగుతుంది.

ట్రిగ్గర్ బరువు తగ్గించాలని సియర్‌ని (ట్రిగ్గర్ లాగేదాకా సుత్తిని పట్టి ఉంచే కొక్కేన్ని) ఇంట్లో ఆకురాయితో రుద్దవద్దు. కోణం కాస్త మారితే బోల్ట్ మూసుకున్న దెబ్బకే రైఫిల్ పేలుతుంది, ఒకటి తర్వాత ఇంకొకటి కూడా పేలవచ్చు. అది లైసెన్సు ఉన్న ఆర్మరర్ చేసే పని.

బల్ల మీద పరీక్ష

ముందు సంచి 4 నుంచి 5 కిలోలు, వెనక సంచి కిలో, కిలోన్నర. పాత జీన్స్ కాలు కత్తిరించి రెండు కొసలూ కుట్టి, జల్లించిన పొడి ఇసుక గట్టిగా నింపండి. బియ్యం నింపితే వానాకాలంలో చెమ్మ పట్టి పురుగు పడుతుంది.

ముందు సంచి స్టాక్ ముందు భాగం కింద ఉండాలి, బ్యారెల్ దేనికీ తగలకూడదు. వెనక సంచి బట్ కింద ఉండాలి. ఎత్తు సర్దాలంటే వెనక సంచిని ఎడమచేత్తో పిండండి, భుజంతో పైకెత్తవద్దు. కుర్చీ ఎత్తు రైఫిల్‌ని మీ దగ్గరికి తేవాలి. మీరు వంగి రైఫిల్ దగ్గరికి పోతే చెంప ఒక్కోసారి ఒక్కో చోట ఆనుతుంది. రైఫిల్ గురి మీద తనంతట తాను నిలబడి ఉండాలి, మీరు చేసేది ట్రిగ్గర్ లాగడం మాత్రమే.

స్కోపు ఉంటే ముందు ఒక చిన్న పరీక్ష. సంచుల మీద రైఫిల్‌ని ముట్టుకోకుండా తలని కొద్దిగా అటూ ఇటూ, పైకీ కిందకీ కదపండి. కాగితం మీద క్రాస్ (స్కోపులోని అడ్డం, నిలువు గీతలు) జరిగినట్టు కనపడితే పారలాక్స్ ఉన్నట్టు. పెద్ద రైఫిళ్ళ స్కోపులు ఎక్కువగా 100 గజాలకి సర్ది ఉంటాయి, 50 మీటర్ల దగ్గర ఈ తేడా చూపిస్తాయి. సర్దుకునే గుండీ లేకపోతే, కన్ను ప్రతిసారీ వలయం నడిమధ్యన ఉండేలా చెంపకి ఒకే చోటు అలవాటు చేసుకోవడమే దారి.

ఇప్పుడు మందు పరీక్ష. రెండు మూడు రకాలు తీసుకోండి, వీలైతే ఒక్కో రకానికి ఒకే లాట్ నంబరు డబ్బాలు. రకం మార్చిన ప్రతిసారీ 5 నుంచి 10 రౌండ్లు ఊరికే దిబ్బలోకి కాల్చండి. ఒక్కో మందు మైనం ఒక్కో రకం, పాత పూత మీద కొత్త తూటా కుదురుగా పోదు. తర్వాత అయిదు గ్రూపులు. గ్రూపుల మధ్య బోల్ట్ తెరిచి రెండు మూడు నిమిషాలు ఆగండి.

ఎక్కువ వేగం అంటే ఎక్కువ గురి అన్న భ్రమ వదులుకోండి. మామూలు వేగం తూటా సుమారు 320 నుంచి 330 మీటర్లు సెకనుకి బయల్దేరుతుంది, మొదటి నుంచీ శబ్దవేగం కిందే ఉంటుంది. హైవెలాసిటీ తూటా శబ్దవేగం దాటి బయల్దేరి, దారిలో మళ్ళీ ఆ గీత దాటి కిందకి దిగుతుంది, ఆ దాటే చోట కుదుపు తింటుంది. చిక్కేమిటంటే కొన్ని సెమీ ఆటోలు నెమ్మది మందుతో బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి నెట్టలేవు. గురి బాగున్న మందు మీ రైఫిల్‌లో ఆగకుండా ఆడకపోతే, ఆడే మందుల్లో మంచిదాన్ని ఎంచుకోవాలి, గత్యంతరం లేదు.

ఎండాకాలం డబ్బాలని కారు డాష్‌బోర్డు మీద వదలకండి. మైనం మెత్తబడి తూటా మీద ఒక పక్కకి పేరుకుంటుంది, మ్యాగజైన్ జిగటగా మారుతుంది. మందు పరీక్షకి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయాలు మేలు, ఎండా గాలీ రెండూ తక్కువ. జూన్, జూలైలో పడమటి గాలి లేచాక చేస్తే గాలినే కొలుస్తారు.

సెమీ ఆటోకే ఉన్న జబ్బులు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. చాలా పాయింట్ టూటూ సెమీ ఆటోల్లో బోల్ట్‌కి తాళం ఉండదు. దాని బరువూ, స్ప్రింగూ మాత్రమే దాన్ని పట్టి ఉంచుతాయి. 1964లో వచ్చిన అమెరికన్ రైఫిల్ రూగర్ 10/22లోనూ ఇదే ఏర్పాటు. పేలిన ఒత్తిడికి ఖాళీ కేసే బోల్ట్‌ని వెనక్కి నెడుతుంది. తూటా బ్యారెల్ వదిలేలోగా బోల్ట్ కదిలేది చాలా కొద్ది, కాబట్టి బోల్ట్ కదలడం వల్ల గురి పోతుందన్న మాట పెద్దగా నిజం కాదు. గురి పోయేది రౌండు చాంబర్లోకి పోయే తీరులో.

మొదటి జబ్బు: గ్రూపులో మొదటి రౌండు మాత్రం విడిగా పడటం. రెండో రౌండు నుంచి బోల్ట్ స్ప్రింగ్ పూర్తి బలంతో రౌండుని చాంబర్లోకి కొడుతుంది. మొదటి దాన్ని మాత్రం మనం చేత్తో పెడతాం, చప్పుడు కాకుండా బోల్ట్‌ని మెల్లగా పట్టి వదులుతాం. అప్పుడు రౌండు అదే లోతుకి కూర్చోదు, ఒక్కోసారి బోల్ట్ పూర్తిగా మూసుకోదు కూడా. నివారణ సులువు: పిడిని చివరిదాకా లాగి, ఒక్కసారిగా వదిలేయాలి, దానితో పాటు చెయ్యి ముందుకి పోకూడదు. అలా వదిలినా మొదటిది వేరేగా పడుతోందా అని తేల్చుకోడానికి ప్రతి గ్రూపులో మొదటి రంధ్రం పక్కన పెన్నుతో గుర్తు పెట్టండి. అయిదు గ్రూపుల్లో నాలుగింటిలో అది ఒకే వైపు బయటికి పోతే అనుమానం నిజమే. చల్లని బ్యారెల్, తోమిన బ్యారెల్ కూడా ఇదే చూపిస్తాయి. కాబట్టి తోమకుండా, నాలుగో గ్రూపులోనూ, అయిదో గ్రూపులోనూ అదే జరుగుతోందేమో చూడాలి.

రెండో జబ్బు: తూటా ముక్కు గీసుకుపోవడం. పాయింట్ టూటూ తూటా మెత్తని సీసం. మ్యాగజైన్ పెదవి వంగినా, చాంబర్ నోటి దగ్గర పదునున్నా దూరేటప్పుడు సీసం ఒక పక్క చెక్కుకుపోతుంది, బరువు ఒక పక్కకి ఒరుగుతుంది, తిరుగుతూ పోయే తూటా తోవ తప్పుతుంది. చూసే పద్ధతి: రేంజ్‌లో, బ్యారెల్ దిబ్బ వైపు ఉంచి, వేలు బయట పెట్టి, మ్యాగజైన్లో ఒకే రౌండు వేసి బోల్ట్ లాగి వదలండి. మళ్ళీ లాగి ఆ రౌండుని కాల్చకుండానే బయటికి తీయండి. వెలుతురులో తిప్పి చూడండి. ముక్కు మీద సన్నని మెరుపు గీత మామూలే. సీసం లేచి పొరలా వేలాడుతుంటే, లేదా ముక్కు నొక్కుకుపోతే దోషం దొరికినట్టే. ప్రతి మ్యాగజైన్‌నీ ఇలా విడిగా చూడండి, వాటి మీద 1, 2, 3 అని రాసుకోండి. తప్పు చాలాసార్లు ఒక్క మ్యాగజైన్‌లోనే ఉంటుంది.

మూడోది, చెత్త పేరుకోవడం. చాంబర్లో బొగ్గూ మైనం గట్టిపడితే బోల్ట్ వెంట్రుకవాసి తెరిచి ఉంటుంది. అప్పుడు పిన్ను దెబ్బలో కొంత బలం రౌండుని లోపలికి నెట్టడానికే పోతుంది. రౌండు లోపలి పేలుడు మందు అంటుకునే తీరు రౌండు రౌండుకీ మారుతుంది, తూటా వేగం మారుతుంది. కాగితం మీద గ్రూపు నిలువుగా సాగుతుంది.

ట్రిగ్గర్ లాగితే పేలకపోతే బ్యారెల్ దిబ్బ వైపే పట్టుకుని కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలవచ్చు. ‘టప్’ అని నీరసంగా పేలితే ఇంకా ప్రమాదం: తూటా బ్యారెల్లో ఇరుక్కుని ఉండవచ్చు. సెమీ ఆటోలో వేలు అలవాటుగా రెండోసారి లాగేస్తుంది. ఆపండి. మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, రేంజ్ అధికారిని పిలిచి బ్యారెల్లోంచి వెలుతురు కనపడుతుందో లేదో చూశాకే తర్వాతి రౌండు.

కాగితం ఏం చెబుతుంది

నిలువుగా సాగిన గ్రూపుకి వేగంలో తేడా ఒక కారణం. 50 మీటర్ల దూరంలో తూటా దాదాపు 13 సెంటీమీటర్లు కిందకి పడుతుంది. వేగం సెకనుకి 10 మీటర్లు తగ్గితే ఇంకో 8 మి.మీ. పడుతుంది. చౌక మందులో ఆ తేడా మామూలే. శ్వాస ఒక్కో చోట ఆపినా ఇదే రూపం వస్తుంది, అందుకే బల్ల మీద పరీక్షలో ముందు తేల్చుకోవాలి.

అడ్డంగా సాగితే గాలి, లేదా వేలు. అడ్డగాలి సెకనుకి ఒక మీటరు వేగంతో, అంటే చెంపకి తెలిసీ తెలియకుండా వీస్తే, 50 మీటర్ల దగ్గర 6 మి.మీ. పక్కకి తోస్తుంది. ఆకులు గలగలలాడే 4 మీటర్ల గాలికి 25 మి.మీ. దాకా పోతుంది. గోడలూ అడ్డుపలకలూ ఉన్న రేంజ్‌లో గాలి సుడి తిరుగుతుంది. 10, 25, 40 మీటర్ల దగ్గర కర్రకి ఉన్ని దారం కట్టుకోండి. మూడు దారాలూ ఒకే తీరుగా ఉన్నప్పుడే కాల్చండి. రెండు గుంపులుగా చీలిందంటే ముందు స్క్రూలు, తర్వాత స్కోపు మౌంటు.

మనిషి వంతు

ఇక్కడ నుంచి బల్ల దిగి నేల మీద పడుకోవాలి.

వెన్ను, గురి గీతకి కొద్దిగా పక్కకి, 15–20 డిగ్రీల కోణంలో ఉండాలి. ఎడమ మోచేయి రైఫిల్ కిందకి వీలైనంత దగ్గరగా ఉండాలి, కుడి మోకాలు కొద్దిగా ముడిచి కడుపు మీద ఒత్తిడి తగ్గించుకోవాలి. స్లింగ్ ఎడమ దండకి బిగిస్తే రైఫిల్ బరువు కండరం మోయదు, పట్టీ మోస్తుంది. ఎడమ అరచేయి పైన స్టాక్ ఊరికే కూర్చుని ఉంటుంది, వేళ్ళతో పిసకకూడదు.

తర్వాత ఎన్‌సీసీ శిబిరాల్లో కూడా హడావిడిలో వదిలేసే సంగతి: శరీరం సహజంగా ఎటు చూస్తోందో. గురి పట్టండి, కళ్ళు మూసుకోండి, రెండు శ్వాసలు తీసి వదలండి, ఒళ్ళు వదులు చేయండి, కళ్ళు తెరవండి. క్రాస్ కాగితం పక్కకి జరిగి ఉంటే చేతుల్తో లాగి సర్దవద్దు. ఎడమ మోచేతిని ఇరుసుగా ఉంచి నడుమునీ కాళ్ళనీ జరపండి. ఎత్తు తేడా ఉంటే శరీరం మొత్తాన్ని ముందుకో వెనక్కో జరపండి. కళ్ళు తెరిచినప్పుడు గురి అక్కడే ఉండేదాకా ఇది మళ్ళీ మళ్ళీ చేయాలి. చేత్తో లాగి పట్టిన గురి, ట్రిగ్గర్ తెగగానే వదిలిన రబ్బరులా తన చోటికి పోతుంది.

ఇనుప సైట్లతో కాల్చేవాళ్ళకి చూపు ఫోర్‌సైట్ మీద ఉండాలి, టార్గెట్ మసకగా ఉన్నా ఫర్వాలేదు. లెక్క సులువు: రెండు సైట్ల మధ్య దూరం 500 మి.మీ. ఉంటే ఫోర్‌సైట్ అర మిల్లీమీటరు పక్కకి ఒరిగినా 50 మీటర్ల దగ్గర 50 మి.మీ. తప్పు. సైట్లు సరిగ్గా ఒకదాంట్లో ఒకటి కుదిరి ఉండి మొత్తం రైఫిలే టార్గెట్ మీద 10 మి.మీ. ఊగితే తప్పు ఆ 10 మాత్రమే.

శ్వాస మామూలుగా వదిలాక వచ్చే విరామంలో కాల్చాలి. గుండెల నిండా గాలి పట్టుకోకూడదు, బలవంతంగా ఖాళీ చేయకూడదు. 7, 8 సెకన్లు దాటితే కంటికి ఆక్సిజన్ తగ్గి బొమ్మ మసకబారుతుంది, మనసు తొందర పెడుతుంది. వదిలేసి మళ్ళీ మొదలుపెట్టండి.

ట్రిగ్గర్ దగ్గరే మామూలు సెమీ ఆటో మనిషిని పరీక్షిస్తుంది. రెండున్నర కిలోల రైఫిల్‌కి రెండు రెండున్నర కిలోల ట్రిగ్గర్ ఉంటుంది. రైఫిల్ బరువంత బలంతో లాగుతున్నారన్నమాట. వేలు మొదటి కణుపు మెత్త మధ్యలో ట్రిగ్గర్ పెట్టి, తిన్నగా వెనక్కి, బలం క్రమంగా పెంచుతూ లాగాలి. మిగతా వేళ్ళ పట్టు మారకూడదు. తెగాక వేలు వెంటనే వదలవద్దు. బోల్ట్ వెనక్కి పోయి వచ్చి, క్రాస్ మళ్ళీ కాగితం మీద నిలిచాక మెల్లగా వదలండి. ఇది సెమీ ఆటోలో మరీ ముఖ్యం, ఎందుకంటే తర్వాతి రౌండు సిద్ధంగా ఉందన్న ఎరుక వేలిని తొందర పెడుతుంది. తూటా పూర్తిగా బ్యారెల్ వదలకముందే పట్టు సడలుతుంది.

సాధన ఖాళీ రైఫిల్‌తో చేయండి. అదే గదిలో మందు ఉండకూడదు. పాయింట్ టూటూ లాంటి రిమ్‌ఫైర్ (పిన్ను రౌండు అడుగు అంచుని కొట్టే) రైఫిల్‌ని ఖాళీగా కొట్టవచ్చో లేదో తయారీదారు పుస్తకం చూడండి. కొన్నింట్లో పిన్ను చాంబర్ అంచుని కొట్టి నొక్కు వేస్తుంది. బ్యారెల్ కొస దగ్గర రూపాయి బిళ్ళ పెట్టి ట్రిగ్గర్ లాగండి. వరసగా పదిసార్లు బిళ్ళ పడకపోతే వేలు సరిగానే నడుస్తోంది. ప్రతిసారీ బోల్ట్ లాగాల్సి రావడం విసుగే, కానీ ఆ విరామంలో పొజిషన్ మళ్ళీ కట్టుకోవడం అలవాటవుతుంది.

పేలుడుకి ముందే భుజం బిగుసుకుంటోందేమో తెలుసుకోడానికి రేంజ్‌లో తోడు ఒకరు ఉండాలి. మ్యాగజైన్ తీసేసి, మీరు చూడకుండా, చాంబర్లో ఒక రౌండు పెట్టో పెట్టకుండానో బోల్ట్ మూసి రైఫిల్‌ని దిబ్బ వైపే ఉంచి అందించాలి. ఖాళీ చాంబర్ మీద ట్రిగ్గర్ తెగినప్పుడు బ్యారెల్ కొస కిందకి కొట్టుకుంటే జబ్బు బయటపడినట్టే. ఎంత చిన్న రైఫిల్ అయినా, మఫ్‌లు సరిగ్గా మూయని చెవికి శబ్దమే ఈ అలవాటు నేర్పుతుంది.

జీరో

జీరో అంటే గురి పెట్టిన చోటే తూటా పడేలా సైట్లని సర్దడం. దాన్ని ఒక రంధ్రాన్ని చూసి చేయకూడదు. పది రౌండ్లు కాల్చి వాటి నడిమి బిందువు పట్టుకోండి, జీరో దాని మీద. స్కోపు క్లిక్కు పావు నిమిషమైతే 50 మీటర్ల దగ్గర ఒక్క క్లిక్కు 3.6 మి.మీ. నడిమి బిందువు 50 మి.మీ. కిందకుంటే 14 క్లిక్కులు పైకి. ఇనుప సైట్లలో బ్యాక్‌సైట్‌ని తూటా ఎటు పోవాలో అటే జరపాలి, ఫోర్‌సైట్‌ని దానికి ఎదురు. బల్ల మీద పెట్టిన జీరో పడుకుని కాల్చినప్పుడు కొంచెం జరుగుతుంది, స్లింగ్ లాగుడే కారణం. చివరి జీరో మీరు ఎక్కువగా కాల్చే పొజిషన్‌లోనే పెట్టుకోండి.

మూడు అంకెలు, ఒక కాగితం

ఇప్పుడు మీ దగ్గర ఉండాల్సినవి: బల్ల సగటు, పడుకున్న సగటు, మోకాలి సగటు. మూడూ ఒకే మందుతో, అయిదు గ్రూపుల చొప్పున. బల్ల సగటు 30, పడుకుంటే 35 అయితే రైఫిల్, మందు మీదే ఖర్చు పెట్టండి, మీ వంతు బాగానే ఉంది. 30, 70 అయితే మరో ఆరునెలలు రైఫిల్‌ని ముట్టుకోవద్దు. 70లోంచి 30ని వర్గాల లెక్కలో తీసేస్తే మీ వంతు 63. ఆ 63ని 40కి తెస్తే గ్రూపు 50కి దిగుతుంది. మోకాలి మీద గ్రూపు పడుకున్నదానికి రెండింతలు ఉండటం మామూలే. నాలుగింతలు ఉంటే పొజిషన్‌లో ఎముక మీద ఎముక ఆనుతోందేమో చూడండి: మోచేతి ఎముక మొన మోకాలి చిప్ప మీద నిలవదు, జారుతూ ఉంటుంది. మోచేతికి కాస్త పైన ఉండే మెత్తని భాగం మోకాలి ముందుకి ఆనాలి.

వీటన్నిటికన్నా నిజం చెప్పేది ఇంకో కాగితం ఉంది. రేంజ్‌కి వెళ్ళిన ప్రతిసారీ, ఏమీ కాల్చకముందు, చల్లని బ్యారెల్‌తో, మీరు ఎంచుకున్న పొజిషన్లో ఒకే ఒక్క రౌండు ఆ కాగితం మీద కాల్చి, పక్కన తేదీ, గాలి, మందు లాట్ రాసి ఇంటికి పట్టుకెళ్ళండి. మళ్ళీ వచ్చినప్పుడు అదే కాగితం కట్టండి. పది రంధ్రాలు చేరేసరికి అందులో రైఫిల్, మందు, వాతావరణం, ఆ రోజు మీ ఒళ్ళు, అన్నీ కలిసే ఉంటాయి. ఇది బల్ల గ్రూపుకన్నా బాగా పెద్దగా వస్తుంది. నడిమి బిందువు మీ జీరో నుంచి ఒక పక్కకి జరిగి ఉంటే అది చల్లని బ్యారెల్ పని, దాన్ని విడిగా గుర్తు పెట్టుకోవచ్చు, క్లిక్కులు తిప్పనక్కర్లేదు. నడిమి బిందువు సరిగానే ఉండి రంధ్రాలు మాత్రం చెల్లాచెదురైతే పొజిషన్ భాగానికి, ముఖ్యంగా కళ్ళు మూసి తెరిచే పరీక్షకి మళ్ళీ వెళ్ళండి.